పొగయు, పొగమంచును: అనుమాన శబ్ద సమీక్ష

భాద్రపద శుద్ధ చవితినాటి సాయంకాలము, దీపములు పెట్టు వేళకు, చోడవరములోని మా అమ్మమ్మ వీథితలుపు గడియ వేసి, పిల్లలమగు మాలో నొక్కరును వాకిటికి పోయి చంద్రుని చూడకుండునట్లు గుమ్మమున కడ్డముగా పీట వేసికొని కూర్చుండెడిది. ఆ ఊరు 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో నిప్పుడు చేరినను, మా పాత దస్తావేజులలోను పెద్దల నోటను విశాఖపట్టణము జిల్లాలోనిదే. అచ్చట విఘ్నేశ్వరుడు స్వయంభువై వెలసినా డగుటచే చవితి పండుగకు పట్టింపు ఎక్కువ. "సూడకండర్రా, సూస్తే లేనిపోని అనుమానాలు మీద పడతాయి" అని ఆమె హెచ్చరించెడిది. వ్రతకథలోని నీలాపనిందను ఆమె తన వాడుకలో అనుమాన మని మార్చుకొన్నది. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట, ఒక శాస్త్రులవారి యొద్ద అన్నంభట్టు తర్కసంగ్రహము చదువ మొదలిడిన దినములలో, ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగును ప్రమాణము లనియు, అనగా యథార్థజ్ఞానమునకు సాధనము లనియు వినగానే నాకు కలిగిన ఆశ్చర్యము ఇప్పటికిని తీరలేదు. ఇంట తలుపులు మూసి తప్పించుకొనవలసిన ఆపద, పాఠమున జ్ఞానద్వార మెట్లయినది? ఆ ప్రశ్న వెంట పోయి నేను పోగుచేసికొన్న దానిని ఇచ్చట పాఠకుల యెదుట పరచుచున్నాను.

మాట పుట్టుకలో చిక్కేమియు లేదు. 'మా' ధాతువునకు కొలుచుట యని అర్థము; 'అను' అనగా వెనుక, వెంబడి. ముందు ఒక గుర్తును కన్నులార చూచి, దాని వెంబడి కంటికి కానరాని దానిని మనస్సుతో కొలుచుట అనుమానము. ప్రమాణము, పరిమాణము, ఉపమానము, కొలమానము ఇవన్నియు ఈ యింటి బిడ్డలే. నిఘంటువులలో మాత్రము ఈ మాట రెండు గదులలో కాపుర ముండును. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు మొదలు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము మీదుగా, పిఠాపురము మహారాజు పోషణమున 1936లో తొలి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వరకు వచ్చుసరికి, ఊహ, తర్కశాస్త్రపు ప్రమాణము అను అర్థము లొక ప్రక్కను, సందేహము, సంకోచము అను అర్థము లింకొక ప్రక్కను స్థిరపడియున్నవి. ఈ గదికి ఆ గదికి నడుమ తలుపెక్కడ నున్నదో చెప్పుట నిఘంటుకారుని పని కాదు గనుక వారు చెప్పలేదు.

గౌతముని న్యాయసూత్రములలో అనుమానమునకు ప్రత్యక్షము తరువాతి స్థానము. కొండమీద పొగను చూచి అచ్చట నిప్పున్నదని తెలిసికొనుట దానికి ప్రసిద్ధోదాహరణము. కొండ పక్షము, నిప్పు సాధ్యము, పొగ హేతువు. పొగ యున్నచోటనెల్ల నిప్పుండు నను నియమము వ్యాప్తి. ఇతరులను ఒప్పింపవలసి వచ్చినపుడు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను అయిదు మెట్లమీదుగా నడువవలెను. ఈ మెట్లలో నొక్కటి విరిగినను ప్రతివాది అచ్చటనే నిలువదీయును. మబ్బును చూచి వానను ఊహించుట పూర్వవత్తు. ఏరు పొంగుటను చూచి ఎగువను వాన కురిసిన దనుట శేషవత్తు. మన్యపు కొండలలో పుట్టి అనకాపల్లి మీదుగా సముద్రమును చేరు శారదానది గట్టున నున్నవారికి ఈ రెండవదానిని నేర్పుటకు శాస్త్రులు అక్కరలేదు. ఎండ కాయుచున్న పగటివేళ ఎఱ్ఱనీరు దిగినదన్న, పైన కొండలలో వాన పడినదని పశువుల కాపరి పిల్లవాడైనను చెప్పును.

బెల్లము వండు పెనముల యొద్దను నేను ఈ శాస్త్రమునే చూచినాను. చోడవరపు పల్లెలలో చెరకు గానుగాడు దినములందు, పొంగుచున్న పాకమును కఱ్ఱతో నెత్తి చన్నీటిలో వేసి, అది వేళ్ల నడుమ ఉండకట్టు తీరును పట్టి పెనమును దింపవలసిన క్షణమును నిర్ణయింతురు. చేతికి తగిలినది నీటిలోని చిన్న ముద్ద. తెలియవచ్చినది పెనమంతటి పాకపు స్థితియు, ఱేపు దిమ్మ విడివడునా, గట్టిపడునా అను భవిష్యత్తును. ఇది అనుమానము గదా యని నేను శాస్త్రఫక్కిలో నొక వృద్ధునితో అన్నందుకు ఆయన నొచ్చుకొని, "అనుమానమేటి బాబూ, నలభై యేళ్ల నుంచి వండుతున్నాను" అనినాడు. మాటలోని రెండర్థములును అప్పుడు మా ఇరువుర నడుమ పెనమంత వెడల్పున నిలిచినవి.

సూత్రకారుడు సంశయమును అనుమానములో కలుపలేదని గమనింపవలెను. ఆయన చెప్పిన పదునాఱు పదార్థములలో ప్రమాణ ప్రమేయముల తరువాత మూడవది సంశయము. చీకటి పడుచుండగా దూరమున నిలువుగా కనబడినది మ్రోడా, మనుష్యుడా అను ఊగులాట దానికి దృష్టాంతము. ఆంధ్రుడుగా ప్రసిద్ధుడై 17వ శతాబ్దమున నుండిన అన్నంభట్టు సంశయమును అయథార్థానుభవములలో చేర్చి, ఒకే వస్తువునందు పరస్పర విరుద్ధములగు ధర్మములను పట్టి తోచు జ్ఞానమని దానిని నిర్వచించెను. అయినను న్యాయమతమున సంశయము నింద్యము కాదు. అది లేనిదే విచారము పుట్టదు. మ్రోడో మనిషియో తెలియకున్న యెడల దగ్గఱకు పోయి చూడవలెను, లేదా కాలుసేతులు కదలునేమో కనిపెట్టవలెను. అనగా సంశయము రోగము, అనుమానము దానికి మందు. తెలుగువారము మందు పేరు తీసి రోగమునకు పెట్టుకొంటిమి.

ఈ మార్పు ఎట్లు కలిగినదో ఒక తెలుగు సామెత వలన నాకు కొంత తెలిసినట్లు తోచినది. 'నిప్పు లేనిదే పొగ రాదు' అను సామెతలో గౌతముని కొండయు, పొగయు, నిప్పును చెక్కుచెదరక యున్నవి. వ్యాప్తి కూడ సరిగానే యున్నది. కాని ఈ సామెతను మనము ఎన్నడైన కొండను చూచి అందుమా? ఎవరి కోడలి గూర్చియో, ఎవరి లెక్కల గూర్చియో చెవిలో పడిన ఊసునకు సాక్ష్యముగా అందుము. అచ్చట పొగ యనబడినది పొగయేనా యని అడుగుట శాస్త్రము, అడుగకుండుట లోకవ్యవహారము. మాఘమాసపు తెల్లవాఱుజామున మాడుగుల వైపు కొండలమీద తెల్లగా లేచునది దూరమునకు పొగ వలెనే యుండును; దగ్గఱకు పోయినవాని తల తడియును గాని నిప్పు కానరాదు. నైయాయికులు దీనిని హేత్వాభాసములలో చేర్చి, హేతువువలె కనబడి హేతువు కానిదని హెచ్చరించిరి. మన భాష దానికి పొగమంచని పేరుపెట్టి, పొగను మంచును ఒకే మాటలో కలిపివేసినది. 'గుమ్మడికాయల దొంగ యన్న భుజములు తడుముకొన్నట్లు' అను సామెతకును ఇదే గతి. భుజము తడుముకొనుట దొంగకు లక్షణమని మన నమ్మకము. దుమ్ము పడినదేమో యని తడుముకొన్న అమాయకుడు ఆ నమ్మకమునకు బలి. హేతువును పరీక్షించు మెట్టు జారిపోయి, నిగమనము మాత్రము మిగిలిన అనుమానమే నేటి తెలుగు అనుమాన మని నా అభిప్రాయము.

పొరుగు భాషలతో పోల్చి చూచిన ఈ సంగతి ఇంకను తేటపడును. హిందీలో అనుమాన మనగా అంచనా. వాతావరణ శాఖవారు వానకు పూర్వానుమానము చెప్పుదురు, ఖర్చులకు అనుమానము వేయుదురు. వంగభాషలో అది ఊహ. తమిళ మలయాళములలో పండితుల వాడుకలో నది తార్కికముగ రాబట్టిన నిర్ణయము. సందేహము, శంక అను అర్థము వాడుకలో గట్టిగా నాటుకొన్నది తెలుగునందును, కన్నడమునందును. అందుచేతనే హిందీ పత్రికలో వర్షానుమానము అను మాటను చదివిన మనవాడు వాన రాదేమో యని పొరబడును. అచ్చటివాడు వచ్చునని వ్రాసినాడు. మన వాడుకలో 'ఈయేడు వాన అనుమానమే' అన్నచో రాదనియే అర్థము. ఒకే సంస్కృత పదము గొడుగు తీసికొమ్మని యొకనికిని, విత్తు చల్లవద్దని యొకనికిని చెప్పుచున్నది.

అనుమానము చుట్టును దాని జ్ఞాతులు చాలమంది గలరు. సంశయము 'శీ' ధాతువునుండి వచ్చినది. మనస్సు రెండు ప్రక్కల మీదను పవ్వళించుట యని దాని భావము. సందేహము 'దిహ' ధాతువునుండి వచ్చినది. పూత పూసి వస్తువు కానరాకుండ చేయుట. అది తెలుగున సందియమై కావ్యములలో చిరకాలము వన్నె కెక్కి, నేడు పద్యము విడిచి వీథికి రాకున్నది. అమరకోశము సంశయ పర్యాయములలో విచికిత్సను, ద్వాపరమును గూడ చెప్పినది. విచికిత్స బౌద్ధులకు ధ్యానమును అడ్డగించు అయిదు నీవరణములలో నొకటి. సంఘారామము శంకరమై నిలిచిన బొజ్జన్నకొండ అనకాపల్లి ప్రక్కనే యున్నది గనుక, చోడవరము సమీపమున ఆ మాటను పఠించిన భిక్షువు లొకప్పుడు తిరిగియుందురని తలంచుట తప్పుకాదు. 1906లోను తరువాతను అలెగ్జాండరు రీ యను నతడు అచ్చట త్రవ్వించిన నేలలో కనబడిన గుర్తులనుండి కనబడని కాలమును కొలిచినాడు. అదియు అనుమానమే, మంచి అనుమానము. ఇక ద్వాపర మనగా పాచికపై రెండు గుర్తుల వైపు. రెండను సంఖ్యకును సందేహమునకును చుట్టరికము లోకమంతట గలదు: లాటిను దూబియుము, జర్మను త్స్వైఫెలు, మనము నిత్యము పలుకు డౌటు, అన్నియు రెండు నుండి వచ్చినవే. ఇంగ్లీషు సస్పెక్టు మాత్రము క్రిందినుండి చూచుట యను అర్థముగల లాటిను మాటకు బిడ్డ. మన క్రీగంటిచూపు దానికి సరియైన బొమ్మ.

శంక యను మాట యొక్క సంసారము వేరు. భరతుని నాట్యశాస్త్రమున ముప్పదిమూడు వ్యభిచారి భావములలో నిర్వేద గ్లానుల తరువాత శంక వచ్చును. దొంగతనము చేసినవాడు, రాజాపరాధము చేసినవాడు మాటిమాటికి ప్రక్కలు చూచుట, పెదవులు తడుపుకొనుట దాని అభినయము. అనగా అది ఎదుటివానిమీద పడునది కాదు, తనలో పుట్టు వెఱపు. అందుచేతనే నిశ్శంక యనగా నిర్భయము. కళింగ సింహపురమున పుట్టితినని శాసనములలో చెప్పుకొని 1187 మొదలు 1196 వరకు సింహళము నేలిన నిశ్శంకమల్లుని పేరున ఈ అర్థమే యున్నది. లఘుశంక, దీర్ఘశంక లనుచోట శరీరమున కలుగు తొందరకు గూడ ఈ మాటయే పరదా అయినది. మర్యాదస్థులు పలుకుటకు జంకు ప్రతిచోటను సంస్కృతము ఇట్టి ఉపకారము చేయుచుండును. తెలంగాణమున వినవచ్చు గుమానము పారసీకమునుండి దిగినది. అనుమానమునకు అంత్యప్రాసగా కుదిరినను దానికి దీనికి రక్తసంబంధము లేదు.

వాడుకలో అనుమానము పట్టుకొను విభక్తినిబట్టి దాని స్వభావము మాఱును. 'నాకు లెక్కలో అనుమాన మున్నది' యన్న విద్యార్థి గురువునొద్దకు పోవును. 'నాకు లెక్కలమీద అనుమాన మున్నది' యన్న వర్తకుడు గుమాస్తాను పిలిపించును. ఒక్క 'మీద' చేరగానే ప్రశ్న నిందగా మాఱినది. 'అనుమానింపక' అను పాత కావ్యప్రయోగమున సంకోచింపక యను అర్థమే గాని ఎవరిని నిందించుటయు లేదు. అనుమానపు మొగుడు, అనుమానపు పక్షి, అనుమానము పెనుభూతము అను పలుకుబళ్లు ఈ 'మీద' సంతానము. పక్షి ఎందుకో నే నెఱుగుదు ననుకొందును: గింజ గింజకును నాలుగు దిక్కులు చూడక ముక్కు వంచని పిచ్చుకను చూచినవా రెవరైనను ఒప్పుకొందురు.

న్యాయస్థానముల తెలుగులో ఈ భేదము విచిత్రముగా నిలిచియున్నది. పోలీసులకు కలుగునది అనుమానము. న్యాయమూర్తికి కలుగునది సంశయము. అందుచేత నేరము ఋజువు కాని ముద్దాయికి లభించునది సంశయలాభము. దానిని అనుమానలాభ మని ఏ వకీలును అనుటలేదు. శాస్త్రుల భేదమును కోర్టు గుమాస్తాలు తెలియకయే కాపాడినారు. అరబ్బీలో ముద్దాయి యనగా ఫిర్యాది; మన కోర్టులలో నది నేరము మోపబడినవానికి పేరైనది. అనుమానము వలెనే అదియు తలక్రిందులైన మాట గనుక, ఆ రెండును ఒకే బోనున నిలుచుట సమంజసమే.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 54వ సెక్షను సహేతుకమగు అనుమాన మున్నవానిని వారంటు లేకయే పట్టుకొన పోలీసులకు అధికార మిచ్చినది. 109వ సెక్షను అనుమానితులనుండి సత్ప్రవర్తనకు పూచీ కోరినది. సహేతుక మనుటలో గౌతముని హేతువు కనబడుచునే యున్నది. 1973 నాటి కోడున పట్టుకొనుటకు 41, శవవిచారణకు 174 సెక్షనులుగాను, 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35, 194 సెక్షనులుగాను ఆ భావము కొనసాగుచున్నది. పత్రికలలో దినదినము చదువు 'అనుమానాస్పద మృతి' ఈ శవవిచారణ సెక్షను నీడయే. హేతువు లేని అనుమానమును గూడ శాసనము చేసిన కాలము కలదు. 1871లో పుట్టి, 1911లో సవరింపబడి మదరాసు రాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్టము, పుట్టిన కులమునే హేతువుగా గొని సంపూర్ణ సమూహములను అనుమానితులను చేసినది. సాల్వేషను ఆర్మీవారు నడిపిన స్టూవర్టుపురము ఆ చట్టపు ఫలము. రాత్రివేళ హాజరు పలుకని బిడ్డను దొంగ యనిన ఆ చట్టము 1952లో రద్దయినను, కేడీ యను పొడియక్షరముల తిట్టు మాత్రము ఇంకను మన నోట బ్రదికియున్నది. సుప్రీముకోర్టు 1984లో శరద్ బిర్దీచంద్ సార్డా కేసున పరిస్థితుల సాక్ష్యమునకు అయిదు నియమములు చెప్పి, సంఘటనల గొలుసు తెగకుండ నేరమును చూపవలెననియు, అనుమాన మెంత బలమైనదైనను ఋజువు స్థానమును పొందజాలదనియు నిలిపినది. అయిదు అవయవముల తర్కమునకు అయిదు నియమముల తీర్పు తోడైనందుకు నావంటివానికి ముచ్చట కలుగుట సహజము.

ఈ సమీక్షలో నే నెక్కువసేపు నిలువగోరనిది, అయినను దాటిపోరానిది మన్యపు చిల్లంగి. విశాఖ మన్యములో చేతబడిని చిల్లంగి యందురు. ఊరిలో వరుసగా జ్వరములు తగిలి ఇద్దరు ముగ్గురు మరణించిన యెడల, ఎవరో యొక వృద్ధునిమీదనో, ఒంటరి స్త్రీమీదనో ఆ పేరు పడును. పిమ్మట జరుగు హత్యలను పత్రికలు 'చిల్లంగి అనుమానముతో' అను రెండు మాటలలో ముగించును. చూడుడు, ఆ వాక్యమున హంతకుని మనోభావమునకు కారణపదవి దక్కినది. జ్వరము పొగ, చిల్లంగి నిప్పు. దోమను గాని, త్రాగునీటిని గాని ఎవ్వరును పరీక్షింపలేదు. 'అనుమానముతో చంపిరి' అనుటకంటె 'నిర్హేతుకముగా చంపిరి' అని వ్రాయుట న్యాయమని పత్రికాసోదరులకు నా మనవి.

మరల చవితికథకు వత్తును. ఆ కథ నిండ అనుమానములే. అగ్నిదేవుని భార్య స్వాహాదేవి సప్తర్షిపత్నుల రూపములు దాల్చగా, ఋషులు తమ భార్యలను శంకించి విడిచిరి; కన్ను చూచినది కూడ ఒక్కొక్కపుడు హేత్వాభాసమగునని ఇంతకంటె చక్కగ ఏ తర్కగ్రంథమును చెప్పలేదు. పిమ్మట మణిగల సత్రాజిత్తు తర్కము ఇది. మణిని కృష్ణుడు అడిగినాడు, నేను ఈయలేదు, మణి ధరించి వేటకు పోయిన తమ్ముడు ప్రసేనుడు తిరిగిరాలేదు. కావున కృష్ణుడే చంపినాడు. ఇది నేటి తెలుగు అనుమానము. కృష్ణుడు చేసినది మాత్రము పాత అనుమానము: అడవికి పోయి ప్రసేనుని శవమును చూచి, అచ్చట సింహపు అడుగులు చూచి, వాని వెంబడి పోగా చచ్చిన సింహమును, దానినుండి భల్లూకపు అడుగులను కని, ఆ అడుగులు దారి చూపిన గుహలో ఉయ్యెలకు గట్టిన మణిని చూచినాడు. గుర్తు వెంట గుర్తుగ, కొలత వెంట కొలతగ నడచిన ఆ నడకయే అను-మానము. ఆ భల్లూకమగు జాంబవంతునితో 28 దినములు పోరి, మణితో బాటు జాంబవతిని గొని వచ్చి, సత్రాజిత్తునకు మణి నిచ్చి, సత్యభామను పొందెను. నిందను నిందతో గాక అడుగుజాడలతో తుడిచిన ఈ కథను మా అమ్మమ్మ ప్రతియేటను చదివించినది. ఆ అడుగుజాడలు ఆమె లెక్కలో అనుమానము కావు.

వ్రతకథ ఇచ్చటనే ఆగును, భాగవతము ఆగదు. తరువాత శతధన్వుడు సత్రాజిత్తును చంపి మణిని దొంగిలించి, దానిని అక్రూరుని యొద్ద దాచి పాఱిపోగా, కృష్ణుడు వానిని వెన్నాడి చంపెను. కాని వాని వస్త్రములలో మణి కానరాలేదు. అప్పుడు తోడనున్న బలరాముడు తమ్ముని మాటను నమ్మలేకపోయెను. తోడబుట్టినవానికే అనుమానము! పెక్కుదినములకు అక్రూరుని రప్పించి, మణి నీయొద్దనే యున్నదని మా కెఱుకయే, ఒక్కసారి చూపినం జాలునని కృష్ణుడు బ్రతిమాలెను. అక్రూరుడు వస్త్రమున దాచిన మణిని తీసి ఇచ్చెను. కృష్ణుడు దానిని బంధువులందఱకును చూపి, మరల అక్రూరునికే ఇచ్చివేసెను.